చిక్కు తీయడం దువ్వడం కిందికి రాదు

మా పక్కింటి చైనా ఆవిడ ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, ఇంకా కూర్చోకముందే, నా భర్త బతికి ఉన్నాడా అని అడిగింది. ఆయన ఆవిడ కళ్ళెదుటే సోఫాలో కాళ్ళు చాపుకుని క్రికెట్ చూస్తున్నాడు. ఉన్నాడని ఇద్దరం కలిసి చెప్పాం. ఆవిడ చేతిలోని కాగితం మీద ఒక టిక్కు పెట్టుకుంది.

తర్వాతి ప్రశ్న పిల్లల గురించి. కొడుకూ కూతురూ ఇద్దరూ ఉండాలట, ఒకరుంటే చాలదట. మా పిల్లలిద్దరినీ సగం రోజులు స్కూల్ బస్సు ఎక్కించింది ఆవిడే. అయినా అడిగి టిక్కు పెట్టింది. మూడోది, కాపురం గొడవల్లేకుండా సాగుతోందా అని. ఇక్కడ మా ఆయన టీవీ సౌండ్ తగ్గించాడు.

"అది నన్నెందుకు అడుగుతావు? మన మధ్య ఉన్నది ఒక్క గోడే కదా," అన్నాను.

"వింటూనే ఉన్నాను. ప్రతిసారీ గెలిచేది నువ్వే. అదీ అదృష్టమే," అని మూడో టిక్కూ పెట్టేసింది.

మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులో. ఆవిడది గ్వాంగ్‌జౌ ఇంగ్లీషు, నాది గుంటూరు ఇంగ్లీషు. అమెరికావాళ్ళకు రెండూ అర్థం కావు గాని, హెర్న్‌డన్‌లో ఒకే గోడ పంచుకున్న టౌన్‌హౌస్‌లలో పద్దెనిమిదేళ్ళుగా మాకు మాత్రం ఒక్క ముక్క పొల్లు పోలేదు. ఇక్కడ అంతా తెలుగు చేసి రాస్తున్నాను. ఆవిడ పంటి డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసి ఇచ్చే ల్యాబ్‌లో పని చేస్తుంది. వారమంతా ఊరివాళ్ళ పళ్ళు చెక్కుతుంది, ఆదివారం కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. మాట కూడా అలాగే, కొలిచి, అరగదీసి, సరిగ్గా అమర్చి పెడుతుంది.

విషయం ఆవిడ కూతురి పెళ్ళి. ఒక్కతే కూతురు. పెళ్ళికి ముందు పెళ్ళికూతురి తల దువ్వడమనే తంతు ఒకటి ఉందట వాళ్ళకు. నెత్తి నుంచి కొస దాకా నాలుగుసార్లు, ఒక్కోసారికీ ఒక్కో దీవెన. ఇంట్లో అన్నీ సవ్యంగా ఉంటే తల్లే దువ్వుతుంది. దువ్వే మనిషికి భర్తా పిల్లలూ సంసారమూ నిండుగా ఉండి తీరాలి, లేకపోతే ఆ లోటు దువ్వెన పళ్ళలోంచి పిల్ల తలలోకి పోతుందని నమ్మకం. ఈవిడ భర్త పోయి ఆరేళ్ళయింది. గ్వాంగ్‌జౌలో ఉన్న అక్కగారికి అర్హతలన్నీ ఉన్నాయి, వీసా ఒక్కటే లేదు. అందుకని వేకెన్సీ మా ఇంటికి వచ్చింది.

"నువ్వు దువ్వాలి. నీ బట్టల్లో రావాలి, పూర్తిగా," అంటూ మా ఫ్రిజ్ మీద అతికించిన గృహప్రవేశం ఫొటో చూపించింది. ఆ ఫొటోలో నేను పట్టుచీర, వడ్డాణం, జడనిండా పూలతో ఉన్నాను. పద్దెనిమిదేళ్ళ కిందటి నడుము కూడా ఉంది.

ఒప్పుకున్నాను. గర్వంగా కూడా ఉంది, అబద్ధం ఎందుకు. అమెరికా వచ్చినప్పటినుంచీ ఎన్ని అప్లికేషన్లు నింపానో. భర్త ఉండటం అర్హతగా లెక్కకొచ్చిన ఉద్యోగం ఇదొక్కటే.

సాయంత్రం పెళ్ళికూతురు ఫోన్ చేసింది. తొమ్మిదో ఏట మా పక్కింట్లోకి వచ్చిన పిల్ల, నన్ను ఆంటీ అంటుంది.

"ఆంటీ, మీరు నో చెప్పండి. మీరు రాకపోతే అమ్మకు వేరే ఎవరూ దొరకరు. అప్పుడు అమ్మే దువ్వాలి. నాకు అమ్మే దువ్వాలి."

మీ అమ్మతో చెప్పవచ్చు కదా అన్నాను. చెప్పిందట. తన దురదృష్టం ఒక్క వెంట్రుకకు కూడా అంటకూడదని తల్లి ఆ టిక్కుల కాగితం పక్కన పెట్టి ఏడ్చిందట. నేను గెలిచే వాదనలన్నీ గోడకు ఇవతలే, మీ అమ్మ దగ్గర ఒక్కటీ గెలవలేదు అని ఆ పిల్లతో నిజం చెప్పాను. ఆ విధంగా తల్లికి దువ్వుతానని, కూతురికి చూస్తానని, ఇద్దరికీ మాటిచ్చి ఫోన్ పెట్టేశాను.

తర్వాత నెల రోజులూ బట్టల మీద చర్చ. నేను చేసిన తప్పు మా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క మాట అడగడం. చైనావాళ్ళ పెళ్ళికి పట్టుచీర దండగ, డ్రై క్లీనింగ్‌కి ఇస్తే సోయా సాస్ మరక పోదు అని ఒకావిడ. వాళ్ళ డ్రెస్సే ఆన్‌లైన్‌లో బుక్ చేయండి వదినా, మెడ దాకా మూసి ఉంటుంది, మీ వయసుకు బాగుంటుంది అని ఇంకొకావిడ. ఆ రెండో సలహా రెడ్‌మండ్‌లో ఉన్న మా అమ్మాయికి చెప్పి మళ్ళీ తప్పు చేశాను.

"అమ్మా, నో. అది వాళ్ళ కల్చర్. నువ్వు వేసుకుంటే చాలా ప్రాబ్లమాటిక్."

"మరి నువ్వు ప్రతి శుక్రవారం తినే డంప్లింగులు ఎవరి కల్చరే?"

"అది ఫుడ్, అమ్మా."

కడుపులోకి పోయేది ఫరవాలేదు, ఒంటిమీదికి వచ్చేదే నేరం అని ఆ రోజు తెలుసుకున్నాను.

రంగు దగ్గర అసలు ఇరకాటం వచ్చింది. ఎరుపు పెళ్ళికూతురిది, మనం ముట్టకూడదు. తెలుపు చావుది. నలుపు మనకూ కుదరదు, వాళ్ళకూ కుదరదు. మా బీరువాలో పాతిక పట్టుచీరలుంటే ఇరవై రెండింటికి ఎక్కడో ఒకచోట ఎరుపు తగిలింది. కొన్నప్పుడల్లా ఈసారి వేరే రంగు తీసుకున్నానని సంబరపడినవే అన్నీ. చివరికి ఆకుపచ్చ అంచు ఉన్న పసుపు రంగు గద్వాల చీర మిగిలింది. దాని జాకెట్టుకు లోపల విప్పడానికి ఇక కుట్లు మిగల్లేదు. పక్కన మూడు పిన్నీసులతో, గట్టిగా ఊపిరి పీల్చననే షరతు మీద, అది నా ఒంటికి ఒప్పుకుంది.

ఆ తంతు అసలు ముందు రాత్రి చేయాలట. ఆ రాత్రి రెండు కుటుంబాలకూ భోజనాలు పెట్టుకున్నారు. మరెలా అంటే పక్కింటావిడ తొణకలేదు. పెళ్ళిరోజు పొద్దున ఏడింటికి చేద్దాం, అప్పుడు గ్వాంగ్‌జౌలో రాత్రి ఏడే కదా, సంప్రదాయం అక్కడిది కాబట్టి టైమ్ కూడా అక్కడిదే చూడాలి అంది. నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ ఏకాదశికి కటిక ఉపవాసం ఉండేవారు. కాఫీ లెక్కలోకి రాదు. ఉప్మా కూడా రాదు, అది అన్నం కాదు కాబట్టి. దేవుణ్ణి నొప్పించకుండా దేవుడి రూల్లో సందు వెతకడం మా ఇంటి విద్య అనుకునేదాన్ని. దానికీ చైనాలో బ్రాంచి ఉందన్నమాట.

పెళ్ళి మే నెలలో, ఊరి చివర ఒక హోటల్‌లో. మా ఆయన్ను కూడా పొద్దున్నే తీసుకురమ్మంది. అర్హతకు రుజువు ఆయనే. శనివారం పూట ఆరింటికి లేచి కోటు వేసుకుని డ్రైవ్ చేసి, లాబీలో ఒక కుర్చీలో కూర్చున్నాడు.

"నేనేం చేయాలి?" అన్నాడు.

"ఏమీ చేయక్కర్లేదు. బతికి ఉండండి చాలు," అని పైకి వెళ్ళాను.

పెళ్ళికూతురి గదిలో కిటికీకి ఎదురుగా అద్దం, దాని ముందు ఎర్రటి గౌనులో ఆ పిల్ల. పక్కన మేకప్ అమ్మాయి. మూలన కుర్చీలో పెళ్ళికొడుకు మేనత్త. డెబ్బై ఏళ్ళు ఉంటాయి, తంతు సరిగ్గా జరుగుతోందో లేదో చూడటానికి వాళ్ళ వైపు నుంచి వచ్చింది. ఇంగ్లీషు రాదు. నన్ను పాదాల నుంచి పాపిడి దాకా చూసి, నల్లపూసల దగ్గరా మంగళసూత్రాల దగ్గరా కాసేపు ఆగి, పెళ్ళికూతుర్ని ఏదో అడిగింది.

"మీ హజ్బెండ్ ఎక్కడ అంటోంది, ఆంటీ."

లాబీలో ఉన్నాడని, కావాలంటే కిందికి వెళ్ళి చూసుకోవచ్చని చెప్పమన్నాను. మేనత్త తల ఊపింది.

అప్పుడు మా పక్కింటావిడ బాత్‌రూమ్‌లోంచి బయటికి వచ్చింది. మెడ దాకా మూసిన సాదా పట్టు జాకెట్టు, కింద చీలమండల దాకా పావడా. ఆ పావడా చూసి పిన్నీసుల సంగతి మర్చిపోయి గట్టిగా ఊపిరి పీల్చాను.

నిలువు పట్టీలు కలిపి కుట్టిన పావడా అది. ఒక్కో పట్టీ ఒక్కో రంగు. చిలకపచ్చ, నెమలికంఠం, మెంతిరంగు, వంకాయ రంగు మీద జరీ మామిడి పిందెలు. ఆ పట్టీలన్నీ నేనిచ్చిన జాకెట్ ముక్కలు.

జాకెట్ ముక్కల గురించి తెలుగు ఆడవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు, ఒప్పుకోవాల్సిన పని ఉంది. పేరంటానికి వెళితే బొట్టు పెట్టి ఒకటి ఇస్తారు. దాన్ని ఎవరూ కుట్టించుకోరు. అడుగున పెట్టి ఇంకొకరికి ఇస్తారు. హెర్న్‌డన్‌లో బయలుదేరిన ముక్క డల్లాస్ దాకా వెళ్ళి, నాలుగేళ్ళ తర్వాత అదే మడతతో మన ఇంటికే తిరిగొస్తుంది. నేను ప్రతి దసరాకూ బొమ్మల కొలువుకు పక్కింటావిడను పిలిచి, బొట్టు పెట్టి, అలాంటిదే ఒకటి చేతిలో పెట్టేదాన్ని. వంకాయ రంగుది నాకూ ఎవరో అంటగట్టిందే, మూలన పసుపు మరక కూడా ఉంది. ఈవిడకు దాన్ని దాటించాలని తెలియదు. కానుక అనుకుని దాచుకుంది. దాచుకుని, పెళ్ళికి కుట్టుకుంది.

"ఎడమ నుంచి కుడికి, సంవత్సరాల వరసలో," అంటూ చుట్టూ తిరిగి చూపించింది. పన్నెండు పట్టీలు. వాటి తర్వాత, కుడి పక్కన, జానెడు వెడల్పున సాదా బూడిద రంగు గుడ్డ.

"చుట్టు సరిపోలేదు," అంది. "పద్నాలుగు కావాలి. నువ్వు పన్నెండే ఇచ్చావు."

లెక్క సరిగ్గానే ఉంది. పద్దెనిమిదేళ్ళలో పన్నెండు. ఆవిడ భర్త పోయినప్పటినుంచీ ఇవ్వలేదు.

పిలవడం మానలేదు, అంత మోటు మనిషిని కాను. కొలువు అయిన మర్నాడు పిలిచేదాన్ని. పులిహోర డబ్బా, మైసూర్‌పాకు చేతిలో పెట్టేదాన్ని. బొట్టూ ముక్కా మాత్రం ఉండేవి కావు. నాకు ఎవరూ చెప్పలేదు. అత్తగారు అప్పటికే లేరు. గ్రూప్‌లో అడగలేదు. ఎం.ఎస్సీ చదివి, కనబడిన ప్రతి మూఢనమ్మకం మీద నోరు చేసుకునే నేను, నా అంతట నేనే చాలా సున్నితంగా ఆ పని చేశాను.

"నేనేదైనా తప్పు చేశానేమో అనుకున్నాను," అంది ఆవిడ, అద్దంలో కాలర్ సరిచేసుకుంటూ. "పాతవాటిని కుట్టుకోలేదని కోపమొచ్చిందేమో అని. అందుకే ఇప్పుడు కుట్టాను."

కుంటిసాకు ఏదైనా దొరుకుతుందేమోనని ఒక్క క్షణం వెతికాను. దొరికేది కూడా. కాని ఆ పావడా చూస్తూ అబద్ధమాడటం కుదరలేదు. భర్త లేని మనిషికి బొట్టూ బట్టా పెట్టకపోవడం మాలో రివాజు, దాన్ని నేనే పట్టుకు వేలాడాను, తప్పు నాది అని చెప్పాను.

ఆవిడ కోప్పడితే బాగుండేది. హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"ఓ, అంతేనా. అది సరైన రూలే. అందుకే కదా ఇవాళ నిన్ను పిలిచింది," అని నా చేతిలో చెక్క దువ్వెన పెట్టింది.

తిట్టినా అంత గట్టిగా తగిలేది కాదు. ఆ రూలు ఆవిడను మా ఇంటి పేరంటం నుంచి తోసేసింది, కూతురి తల దగ్గర్నుంచి కూడా తోసేస్తోంది. రెండుచోట్లా ఆ రూలు తరఫున నిలబడ్డది నేనే. అద్దంలో పెళ్ళికూతురు నన్నే చూస్తోంది. చూస్తానని మాటిచ్చింది ఆ పిల్లకే కదా.

దువ్వెన నెత్తి మీద పెట్టి లాగాను. నాలుగు వేళ్ళ దూరం పోయి ఆగిపోయింది. నిన్న రాత్రి భోజనాలకు వేసిన ముడి, దాని మీద కొట్టిన స్ప్రే, అలాగే పడుకుని లేచిన తల. జుట్టంతా చాపలా అట్టకట్టింది. ఇంకాస్త లాగితే ఆ పిల్ల 'స్స్' అంది. తల్లి చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది, మళ్ళీ వెనక్కి పోయింది.

అక్కడ నాకు అత్తగారి ఉప్మా జ్ఞాపకం వచ్చింది.

"ఇది దువ్వడానికి పనికొచ్చే తల కాదు," అన్నాను. "ముందు చిక్కు తీయాలి. నాకు చేతకాదు. నువ్వు తియ్యి."

"నేను దువ్వకూడదు."

"దువ్వమనలేదు. చిక్కు తీయమన్నాను. మీ రూల్లో ఏముంది? నాలుగుసార్లు, నెత్తి నుంచి కొస దాకా, దీవెనతో. అది దువ్వడం. చిక్కు కొస నుంచి పైకి తీస్తారు, లెక్క ఉండదు, దీవెన ఉండదు. చిక్కు తీయడం దువ్వడం కిందికి రాదు."

ఆవిడ మేనత్త వైపు చూసింది. పెళ్ళికూతురు నా వాదనను చైనీస్‌లోకి మార్చి చెప్పింది, నాకంటే పొడుగ్గానే చెప్పినట్టుంది. మేనత్త నుదురు ముడిచింది. పొద్దున ఏడింటిని రాత్రి ఏడు చేసుకున్నవాళ్ళు ఈ మాత్రం ఒప్పుకోలేరా అని అది కూడా చెప్పమన్నాను. మేనత్త కాసేపు ఆలోచించి, లేచి, తన కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, మాకు వీపు పెట్టి కూర్చుని టీ తాగడం మొదలుపెట్టింది. ఆవిడ తరఫున అంతకంటే స్పష్టమైన తీర్పు ఉండదు.

తల్లి నా చేతిలోంచి దువ్వెన తీసుకుంది. ఒక పాయ పట్టుకుని, లాగినా మాడుకు తెలియకుండా మొదలు దగ్గర గుప్పిట బిగించి, కొసల నుంచి మెల్లగా విడదీసింది. స్కూల్ బస్సు వచ్చేలోపు ముందు గుమ్మం మెట్ల మీద కూర్చోబెట్టి అలాగే చేసేది. ఎన్నో పొద్దులు నా వంటింటి కిటికీలోంచి చూశాను. పాయ తర్వాత పాయ, తలంతా. మేకప్ అమ్మాయి రెండుసార్లు టైమ్ చూసుకుంది. నేను ఒకసారి ఆ అమ్మాయి వైపు చూశాను, మూడోసారి చూసుకోలేదు. అరగంట పట్టింది. అయ్యేసరికి జుట్టులో ఎక్కడా చిన్న ముడి కూడా లేదు. పెళ్ళికూతురు కళ్ళు మూసుకునే ఉంది.

తర్వాత నేను దువ్వాను. నాలుగుసార్లు, ఒక్క నిమిషం కూడా పట్టలేదు. దీవెనలు నాకు రావు కాబట్టి అవి కూడా తల్లే నా వెనక నిలబడి చదివింది. చెయ్యి మాత్రం నాది. మేనత్త కుర్చీ ఇటు తిప్పుకుని, అంతా పద్ధతి ప్రకారం జరిగిందని సంతృప్తి పడింది.

పెళ్ళికూతురికి బొట్టు పెడదామని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కుంకుమ భరిణె తీశాను. భరిణె చూడగానే తల్లి రెండడుగులు వెనక్కి వేసింది. ఇందాక నేను చెప్పిన రూలే ఆ అడుగులు వేయించింది. పిల్లకు పెట్టి, ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"రూల్?" అంది.

"ఇది బొట్టు కాదు. పావడాకు మ్యాచింగ్," అని పెట్టేశాను. కాస్త పొడి రాలి బూడిద రంగు గుడ్డ మీద పడింది. దులపబోతే వద్దని నా చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత పెళ్ళి బాగా జరిగింది. కోటులో ఉన్న మా ఆయన పది రకాల వంటకాలూ తిని, బతికి ఉన్నందుకు ఇన్నాళ్ళకు ఫలితం దక్కిందన్నాడు.

మర్నాడు గ్రూప్‌లో నేనూ పక్కింటావిడా పక్కపక్కన నిలబడిన ఫొటో పెట్టాను. పది నిమిషాల్లో యాష్‌బర్న్‌లో ఉండే ఒకావిడ దాన్ని జూమ్ చేసి చూసినట్టుంది. ఆ వంకాయ రంగుది మా గృహప్రవేశానికి నేను మీకు పెట్టిన ముక్క కదూ వదినా, మూల మరక కూడా కనిపిస్తోంది అని రాసింది. ఆ తర్వాత గ్రూప్‌లో ఎవరెవరో టైప్ చేస్తున్నట్టు కనిపించడం, ఆగిపోవడం. అందరి బీరువాల్లోనూ అలాంటివే ఉన్నాయి.

నేను రాశాను: "మీరు పెట్టిందే. మీకు ఎవరు పెట్టారో కూడా చెప్పండి, వాళ్ళకూ ఫొటో పంపుదాం. మనందరి చేతులూ దాటిన ఆ ముక్కను కుట్టుకుని కట్టుకున్నది ఆవిడ ఒక్కతే. ఆవిడ పావడాకు ఇంకా రెండు పట్టీలు తక్కువున్నాయి. ఈ దసరాకు కొలువు రోజునే పిలుస్తున్నాను. బొట్టు పెట్టి, కొట్లో కొన్న ముక్క పెడతాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు మర్నాడు రండి, పులిహోర డబ్బా ఇస్తాను."